మీరు ఇప్పటికే లోపల ఉన్నారు

సోమవారం

సమస్య ఎప్పుడు మొదలైంది, తెర మీద ఏం కనపడింది, నేనేం చేశాను, అన్నీ ఏ రోజుకా రోజు రాసి పెట్టమని హెల్ప్‌డెస్క్‌లో పనిచేసే సరోజన చెప్పింది. ఫిర్యాదు పైవాళ్ల దాకా వెళ్తే పనికొస్తుందట. అందుకని రాస్తున్నాను.

నా పేరు తవిటయ్య. చంద్రుడి మీద మంచు తవ్వే కంపెనీలో ఉద్యోగం. ఉండేది మాత్రం ఇక్కడే, కొండ మీది కాలనీలో, రేకుల గదిలో. పొద్దున్నే కళ్లూ చెవులూ మూసే టోపీ పెట్టుకుని, చేతితొడుగులు వేసుకుని, కంప్యూటర్‌లో వీపీఎన్ తెరిస్తే కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్తాను. కాలనీలో అందరూ దాన్ని సొరంగం అంటారు. సొరంగం అవతల నా బొమ్మ ఉంటుంది. మనిషంత ఎత్తు, ఇనుప చేతులు. నేను చెయ్యెత్తితే అక్కడ అది చెయ్యెత్తుతుంది. ఎత్తినట్టు నాకు కనపడే సరికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మొదట్లో కళ్లు తిరిగేవి. ఇప్పుడు అన్నం తినేటప్పుడు నా చెయ్యి వెంటనే లేస్తే అదే వింతగా ఉంటుంది.

ఈరోజు సొరంగం తెరుచుకోలేదు. "మీ సర్టిఫికెట్ చెల్లదు" అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

"అన్నా, గాభరా పడకు. కొత్తగ ఏమన్న మార్చిండ్రా ఇంట్ల?" అని అడిగింది సరోజన.

శనివారం కాలనీ కమిటీ వాళ్లు అందరి ఇళ్లలో వైఫై డబ్బాలు మార్చారని చెప్పాను.

"అయితే ముందుగాల ఆ డబ్బా బంద్ చేసి మళ్ల చాలు చెయ్యి. నేను లైన్లనే ఉంటా."

ఆపి, వేశాను. కంప్యూటర్ కూడా ఆపి వేశాను. కాదు. తీగ పెట్టి చూశాను, కాదు. ఆమె ఫిర్యాదు నంబరు ఇచ్చి, రేపు చూద్దామంది.

డ్యూటీ లేని పూట ఏం చెయ్యాలో తోచలేదు. బిందె పట్టుకుని కిందికి దిగాను. మంచినీళ్ల పడవని సెల్ టవర్‌కి కట్టేసి ఉంచారు. మా పాత ఊరిలో నీళ్ల పైకి కనపడేది ఇప్పుడు ఆ టవర్ ఒక్కటే.

మంగళవారం

"కంప్యూటర్ల తారీఖు ఎంతుందో సదువు అన్నా" అంది సరోజన ఫోన్ ఎత్తగానే.

చదివాను. కొత్త డబ్బా కంప్యూటర్‌కి పన్నెండేళ్ల కిందటి తేదీ ఇచ్చింది.

"ఆ తారీఖుకు నీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే చెల్లదంటుంది" అని నవ్వింది.

ఆ తేదీకి నాకింకా పెళ్లి కాలేదు. ఊరు ఊరిలాగే ఉంది. మా ఇంటి ముందు వలలు ఆరేసుకునేవాళ్లం. తేదీ సరిచేయమని ఆమె చెప్తోంది, నా వేలు మీట మీద ఉంది, నొక్కబుద్ధి కాలేదు. చివరికి నొక్కాను.

అంతటితో అయిపోలేదు. పాత తేదీతో నిన్న అన్నిసార్లు తలుపు కొట్టేసరికి ఎవరో దొంగ అనుకుని కంపెనీ నా సర్టిఫికెట్ రద్దు చేసిందట. కొత్తది రావాలంటే రెండు మూడు రోజులు.

"అమ్మా, వారం రోజులు బొమ్మ కదలకపోతే నా కుర్చీ ఎనకాల వరసలో ఉన్నోడికి ఇచ్చేస్తారు. అది తెలుసు గదా నీకు?" అన్నాను.

"తెలుసన్నా. అర్జెంట్ అని రాసిన."

ఇక్కడి నుంచి రాసేది పంపే ముందు కొట్టేస్తాను.

నా భార్య నూకరత్నం ఆ చంద్రుడి మీదే ఉంది. బొమ్మ కాదు, మనిషే. గోతిలో డ్రిల్లు వేసే పని. వెళ్లి ఏడాది దాటింది, ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. ఇంటికి నెలకోసారి పది నిమిషాల కాల్ ఇస్తారు. వెనక వరసలో వేరేవాళ్లు నిలబడి ఉంటారు కాబట్టి ఆ పది నిమిషాల్లో ఆమె బాగున్నావా అంటుంది, నేను బాగున్నానంటాను. ఆమె వెళ్లిన నెలలోనే నేనీ ఉద్యోగానికి పెట్టుకున్నాను. ఆ తవ్వకం చోటే కావాలని మూడు పరీక్షలు రాశాను.

నా పని గోతి గట్టు మీద సౌరపలకల దుమ్ము తుడవడం, బ్యాటరీలు మోసుకుని గోతిలోకి దిగి డ్రిల్లు వాళ్లకి అందించడం. ఆ గోతిలో ఎప్పుడూ చీకటే. వెలుగు పడని చోటే మంచు మిగులుతుంది. రేడియోలో సొంత మాటలు మాట్లాడకూడదు, సూపర్‌వైజర్ వింటాడు. అందుకని మొదటి రోజు బ్యాటరీ అందించి, ఆమె దీపం వెలుగులో ఆమె ముఖం చూసి, తిరిగి వచ్చేశాను. ఏ బొమ్మ నాదో కాల్‌లో ముందే చెప్పాను కాబట్టి నేనే అని ఆమెకి తెలుసు.

కొన్నాళ్లకి ఒకరోజు బాగా అలిసిపోయి, బ్యాటరీ తీసుకుంటూ తన టోపీని బొమ్మ ఛాతీకి ఆనించింది. నా చెవిలో ఆమె గొంతు వినపడింది. డ్రిల్లు అదురు పసిగట్టడానికి బొమ్మ ఛాతీలో ఏదో అమర్చారు. గాలి లేని చోట కూడా ఇనుముకి ఇనుము తగిలితే మాట పాకుతుందట. రేడియోకి అంటకుండా నాకు ఒక్కడికే.

"మావా, ఇనపడతందా?" అంది.

నేను మాట్లాడే దారి లేదు. బొమ్మ వేలితో ఆమె తొడుగు మీద తట్టాను. అప్పట్నుంచి ఒక తట్టు అంటే ఔను, రెండు అంటే కాదు. రోజూ ఆ కాస్త సేపు. దానికోసమే మిగతా రోజంతా.

గురువారం

సర్టిఫికెట్ వచ్చింది. సరోజన చెప్పినట్టే ఎక్కించాను. పచ్చరంగు గుర్తు పడింది. పాస్‌వర్డ్ కొట్టాను. టోపీ కూడా పెట్టేసుకున్నాను.

"మీరు ఇప్పటికే లోపల ఉన్నారు. మరోసారి ప్రవేశం లేదు."

నాలుగైదుసార్లు చదివాను. సరోజనకి చదివి వినిపించాను.

"నానింకా గుమ్మం దాటనేదు తల్లీ. నోపలున్నానంటాదేటి ఇది?"

"పాత లాగిన్ ఏదో తెగక అట్లనే మిగిలి ఉంటది. నేను తెంపుతా, జరంత ఆగు." మీటలు నొక్కిన చప్పుడు. "ఇగ పో."

పోయాను. నేను పాస్‌వర్డ్ కొట్టేలోగానే మళ్లీ అదే వాక్యం. ఆమె మళ్లీ తెంపింది. మళ్లీ అదే. మూడోసారి తెంపాక సరోజన గొంతు మారింది.

"అన్నా, ఇది మిగిలిపోయింది కాదు. ఎవరో నీ పేరు మీద కూసున్నరు. నేను తెంపంగనే మళ్ల ఎక్కుతున్నరు. నీ పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా?"

"నేదమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేను కాదు. కిందటేడు ఒక నెల కాల్‌లో, కొత్త ఉద్యోగానికి ఏం పెట్టమంటావని అడిగితే నూకరత్నమే చెప్పింది. అయినా ఆమె మీదికి ఆలోచన పోలేదు. వరసలో ఆమె వెనక నిలబడ్డవాళ్లెవరైనా విని ఉంటారేమో అనుకున్నాను.

మధ్యాహ్నం వంట చేసుకోలేదు. కుర్చీలోనే కూర్చుని ఆ వాక్యం చూస్తూ ఉన్నాను. నేను లోపల ఉన్నానట. ఈపాటికి బ్యాటరీలు ఎత్తుకుని దిగువకి వెళ్తూ ఉంటానన్నమాట. ఆమె డ్రిల్లు ఆపి, తల తిప్పి, నా దీపం చూసి ఉంటుంది. వచ్చినవాడు నేను కానని ఆమెకి తెలుస్తుందా? తట్టమంటే వాడెన్నిసార్లు తడతాడు?

శుక్రవారం

రెడ్డెప్పకి ఫోన్ చేశాను. మదనపల్లె మనిషి. మేమిద్దరం ఎప్పుడూ కలుసుకోలేదు గానీ మా బొమ్మలు పక్కపక్కనే పనిచేస్తాయి. సెలవు పెట్టి కూతురి పెళ్లి పనుల్లో ఉండి, మొన్ననే తిరిగి డ్యూటీలో చేరాడు.

"ఏమప్పా తవిటయ్యా, నెట్‌వర్కు లేదంటావేమి? నిన్న పలకల కాడ ఉండింది నువ్వే గదా!"

"నాను కాదు రెడ్డెప్పా. నా బొమ్మలో ఎవుడో దూరినాడు. ఎలగ పని సేస్తన్నాడో సెప్పు."

"పని బాగానే చేస్తాండాడు. నీకంటే మేలు." తర్వాత ఇంకోటి చెప్పాడు. "పలక తుడిచినాక గుడ్డను రెండు మార్లు ఇదిలిస్తాడు. అదేందో, ఆడ గాలి లేదు, దుమ్ము ఎట్ల పడుతుంది? ఇంట్లో ఆడోళ్లు ఇదిలించినట్ల ఇదిలిస్తాడు. పనయిపోయినాక గట్టు మింద నడుముకు చెయ్యి పెట్టుకోని అట్లే నిలబడుకోని ఉంటాడు శానాసేపు. నేనేమో నీకు నడుం నొప్పేమో అనుకుంటి."

ఫోన్ చెవి దగ్గర నుంచి దించేశాను.

"ఏమప్పా? ఉండావా?"

ఆ నిలబడటం నాకు తెలుసు. పాత ఇంటి ముందు వలలు ఆరేశాక సముద్రం వైపు చూస్తూ నూకరత్నం అలా నిలబడేది. సొరంగం అవతలి చివర నుంచి కూడా బొమ్మలోకి ఎక్కవచ్చని, మరమ్మతుల బల్ల దగ్గర ఒక కంప్యూటర్ ఉంటుందని ఆమే నాకు ఎప్పుడో చెప్పింది. బొమ్మ కదలకపోతే నా కుర్చీ పోతుందని ఆమెకీ తెలుసు. నేను రాలేదు. ఎందుకు రాలేదో అడగడానికి నెల కాల్ ఇంకా దూరం. అందుకని తను రాత్రి షిఫ్టుకి మారి, పగలు తిని పడుకోవలసిన వేళ, నా షిఫ్టు కూడా చేస్తున్నట్టుంది. నేను రాకుండా అడ్డు పడుతున్నది తనే అని ఆమెకి తెలియదు.

శుక్రవారం, సాయంత్రం

సరోజనే ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నా, ఆ లాగిన్ ఏడికెల్లి వస్తుందో దొరికింది. చంద్రుని మీదికెల్లే. మరమ్మతుల బల్ల కాడికెల్లి. నీ భార్య పేరు అక్కడి పనోళ్లల్ల ఉంది."

లేచి తలుపు దగ్గరికి వేశాను.

"నేను ఇది రాయాలె. రాస్తే ఆమెను తిరుగు ఓడ వరసల చివరికి నూకుతరు. రెండేండ్లు కాస్త ఎన్నేండ్లయితదో చెప్పలేను. ఇప్పటికైతే పాత లాగిన్ మిగిలిపోయిందనే రాసిన. మంగళవారం దాకా ఆపుతా. అటెనుక పెద్ద తనిఖీ ఉంది, నా చేతిల ఏం ఉండదు. ఎట్లనన్న ఆమెకు చెప్పుకో."

"నీకెందుకమ్మా ఈ తలనొప్పి?"

"మా ఆయన సౌదీ కాడ సముద్రంల చమురు ప్లాట్‌ఫారం మీద ఉంటడన్నా. ఆయన కంపెనీ సొరంగం గూడ ఊకె తెగుతది" అంది. ఫోన్ పెట్టేసింది.

ఆదివారం

నిన్న రెడ్డెప్పకి సంగతంతా చెప్పి బతిమాలాను. ఆమె బొమ్మ ఎక్కి గట్టు మీదికి వచ్చేసరికి దుమ్ములో వేలితో "దిగు" అని రాయమన్నాను. అంతే చాలు, ఆమెకి అర్థమవుతుంది.

"నాకు భయమప్పా. కెమెరాలు ఉండాయి. నా ఉజ్జోగం పోతే పెండ్లి ఖర్చులు ఎవురు కట్టేది?"

"నీ బొమ్మ కాలు జారినట్టు రాయి."

ఈరోజు ఫోన్ చేశాడు. రాశాడట. ఆమె చూసిందట. బొమ్మ కాలితో ఆ అక్షరాలు చెరిపేసి పని చేసుకుంటూ పోయిందట.

"దిగేదానికి ఒప్పుకోలేదప్పా. నా పక్క తిరిగి తల అడ్డంగా ఊపింది గూడా. నేనేదో తగువు పెట్టుకుంటాండానని అనుకునిందేమో."

ఔను మరి. ఎవరో దిగమంటే ఎందుకు దిగుతుంది? నా కుర్చీ కోసం వరసలో ఉన్నవాళ్లలో ఒకడనుకుని ఉంటుంది. ఆమె సంగతి నాకు తెలిసీ ఆ మాట రాయించాను. మొండితనానికి మొండితనం.

"రేపు ఇంకోటి రాయి రెడ్డెప్పా. ఇదే ఆకరు."

"ఏమి రాయాల?"

"మావ గుమ్మంలో ఉన్నాడు, అని రాయి."

అంత పొడుగు మాటకి కాలు జారినట్టు ఎలా కనపడుతుందని తిట్టాడు. కానీ రాస్తానన్నాడు.

సోమవారం

పొద్దున్నుంచి కుర్చీలో ఉన్నాను. టోపీ పెట్టుకుని, తొడుగులు వేసుకుని. షిఫ్టు మొదలయ్యే వేళకి పాస్‌వర్డ్ కొట్టాను. ఇప్పటికే లోపల ఉన్నానంది. కాసేపాగి కొట్టాను. ఉన్నానంది. రెడ్డెప్ప మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను. రేపటితో గడువు అయిపోతుంది. మళ్లీ కొట్టాను.

తెర నల్లబడి, తర్వాత తెల్లబడింది. ఎదురుగా సౌరపలక. నా చేతిలో గుడ్డ. కాళ్ల దగ్గర దుమ్ములో రెడ్డెప్ప రాసిన మాట, దాని పక్కనే వేరే వేలితో రాసిన ఇంకో మాట: "రా."

బ్యాటరీలు ఎత్తుకుని గోతిలోకి దిగాను. ఎప్పుడూ అంత తొందరగా దిగలేదు, రెండుసార్లు పడబోయాను. మరమ్మతుల గది వైపు నుంచి ఆమె నడిచి వచ్చింది. దీపం వెలుగులో చూస్తే కళ్ల కింద నల్లగా ఉంది, బుగ్గలు పీక్కుపోయాయి. బ్యాటరీ అందుకోలేదు. టోపీని బొమ్మ ఛాతీకి ఆనించేసింది.

"ఏటైపోనావు మావా?" అంది. "నీకేటో అయిపోనాదనుకున్నాను. అడగడానికి ఎవుళున్నారిక్కడ?"

ఏమీ కాలేదని రెండుసార్లు తట్టాను.

"నీ కుర్చీ పోతాదని బయమేసి నానే ఎక్కీసినాను. తప్పైతే తిట్టు." ఆమె ఊపిరి వినపడుతోంది. "మొదటి దినం కుర్చీ కోసరమే ఎక్కినాను. తరవాత అలగ కాదు."

ఆమెని చెప్పనిచ్చాను.

"గట్టు మీంచి బూమి కనపడతాది మావా. నువ్వు నాకు ఏల సెప్పనేదు? ఈ గోతిలో ఏడాదై ఉన్నాను. గోడా దీపం, గోడా దీపం. బొమ్మెక్కి గట్టు మీదికెల్లి తలెత్తితే ఎదురుగా ఉంది. నీలంగా. తలకిందులుగా ఉంటాది గదా, మనూరి సముద్రం వారని ఎతుక్కోడానికి సేపు పట్టింది. దొరికాక ఇంకా దిగబుద్ది కానేదు. కల్లు మూతలు పడిపోతన్నా ఎక్కినాను."

రోజూ నేను ఆ గట్టు మీదే పనిచేశాను. భూమి అక్కడ వేలాడుతూనే ఉండేది. నేను ఎప్పుడూ దానికి వీపు పెట్టుకునే పలకలు తుడిచాను, ఎందుకంటే పలకల అవతల గోతిలోకి దిగే బాట ఉంది.

"ఇప్పుడు నువ్వొచ్చీసినావు" అంది. "నువ్వే ఉండు. నాకు నువ్వు సాలు."

రెండుసార్లు తట్టాను. ఆమె నవ్వి, కాదంటావేటి, అంది. ఇంకా ఏదో అనబోతుంటే రేడియోలో సూపర్‌వైజర్ బ్యాటరీ ఏదని అడిగాడు.

మంగళవారం

పొద్దున సరోజన ఫోన్ చేసింది.

"రాత్రి నుంచి ఒక్క లాగినే కనపడుతుంది అన్నా. నీదే. ఫిర్యాదు మూసెయ్యన్నా?"

మూసెయ్యమన్నాను. ఇంక రాయనక్కర్లేదంది. ఇది నా కోసం రాస్తున్నాను.

షిఫ్టు మొదలవగానే గట్టు మీద పలకలు వదిలేశాను. బ్యాటరీలు తీసుకుని దిగాను. అవి దించి, పగటి షిఫ్టుకి తిరిగొచ్చిన ఆమె ముందు బొమ్మని వంచి రెండు చేతులూ చాపాను. ఆమెకి మొదట అర్థం కాలేదు. తర్వాత నోరు తెరిచింది. వెనక్కి ఒక అడుగు వేసింది. సూపర్‌వైజర్ గది వైపు చూసింది.

నేను చేతులు అలాగే ఉంచాను. మరమ్మతని సాకు చెప్పి ఆమె డ్రిల్లు ఆపేసింది. వచ్చి చేతుల మీద కూర్చుంది.

రెండు బ్యాటరీల కన్నా ఆమె తేలిక. అక్కడ అన్నీ తేలికే, అయినా నా భుజాలకి బరువు తెలిసింది. బాట పట్టుకుని ఎక్కాను. నేను వేసిన అడుగు ఆలస్యంగా కనపడుతుంది కాబట్టి ఒక్కో అడుగు వేసి, అది పడిందో లేదో చూసుకుని, తర్వాతది వేశాను. ఆమె టోపీ ఛాతీకి ఆనుకుని ఉంది. గట్టు దగ్గర రెడ్డెప్ప బొమ్మ ఎదురైంది. చూసి, అటు తిరిగి, లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

గట్టు అంచున ఆమెని దించలేదు. ఎత్తుకునే నిలబడ్డాను. ఈ పూట పలకలు తుడవలేదని నా పేరు మీద రాస్తారు. ఆమెని ఎందుకు ఎత్తుకెళ్లావని కూడా అడుగుతారు. అడగనీ.

చాలాసేపటికి ఆమె గొంతు వచ్చింది.

"ఇది ఏరేగా ఉంది మావా. బొమ్మలోంచి సూసింది ఏరు, ఇది ఏరు." తర్వాత వేలు చాపింది. "అదిగో, మన సముద్రం మీదంతా తెల్లగా ముసురట్టినాది. ఒడ్డు కూడా కనపడతనేదు. వాన పడతందేటి అక్కడ?"

టోపీని ఒక చెవి మీంచి కాస్త పక్కకి తప్పించాను. పైన రేకుల మీద చినుకులు మొదలయ్యాయి, అక్కడొకటి, ఇక్కడొకటి, తర్వాత ఒక్కసారిగా. బొమ్మ వేలితో ఆమె తొడుగు మీద ఒకసారి తట్టాను. అది చేరే దాకా ఆమె ముఖం చూస్తూ ఉన్నాను. చేరింది. నవ్వుతూనే ఏడ్చింది. అక్కడ కన్నీళ్లు నెమ్మదిగా జారతాయి.

"ఎల్లు మావా, ఎల్లి తీగ మీద బట్టలు తియ్యి" అంది. "తడిసిపోతాయి."

రెండుసార్లు తట్టాను.